చిలక్కొయ్యల మీద చేట

ఇంగ్లండులో మేముండే రీడింగ్ ఊళ్ళో మా వరుస ఇళ్ళన్నిటికీ మెట్ల కింద ఒక చిన్న గది ఉంటుంది. గది అనడం దానికి గౌరవమే. వంగి దూరాలి, దూరాక నిటారుగా నిలబడాలంటే ఒక్క మూలే దిక్కు. దుమ్ము లాగే హూవరు, ఇస్త్రీ బల్ల, వానకోట్లు, మా ఆయన పోయాక ఎవరికీ ఇవ్వబుద్ధి కాక అట్టేపెట్టిన ఆయన బూట్లు అందులో ఉండేవి. పోయిన చలికాలంలో మా అబ్బాయి రంగనాథ్ రెండు సూట్‌కేసులతోనూ ఒక ఇనప బీరువాతోనూ నా దగ్గరికి వచ్చేశాడు. హూవరు వంటింట్లోకి, బూట్లు నా మంచం కిందికి చేరాయి. ఆ నిలబడగలిగే ఒక్క మూలా బీరువాదైంది. సన్నగా, మనిషెత్తు, బూడిదరంగు. వాడే డ్రిల్లుతో గోడకు బోల్టులు బిగించాడు. అందులో వాడి తుపాకీ ఉంది.

వాడికి ఆ పిచ్చి ఆఫీసు స్నేహితుల వల్ల అంటుకుంది. గాల్లోకి మట్టి బిళ్ళలు ఎగరేస్తారు, వాటిని కాలుస్తారు. అదొక ఆట. ఆదివారం పొద్దున మనవరాలిని కూడా తీసుకెళ్ళేవాడు, చెవులకు అడ్డాలు పెట్టుకుని కంచె అవతల నిలబడేదిట. ఇప్పుడు ఆ పిల్లా, వాళ్ళమ్మా మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో ఉంటున్నారు. మొగుడూ పెళ్ళాలు ఎందుకు విడిపోయారో నాకు వాడు చెప్పలేదు, కోడలూ చెప్పలేదు. ఇద్దరూ మంచివాళ్ళే అని చెప్పుకోవడం తప్ప నాకు మిగిలిందేం లేదు. వాడు నా ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకే చేస్తున్న కాంట్రాక్టు కూడా అయిపోయింది. ఇంకోటి దొరకలేదు. ఆరేళ్ళ పిల్లాడిగా ఈ దేశానికి తెచ్చినవాడు, నెరిసిన గడ్డంతో మళ్ళీ చిన్నప్పటి గదిలోనే పడుకుంటున్నాడు.

తుపాకీ ఉన్నవాడు ఇల్లు మారితే పోలీసులకు చెప్పాలి. చెప్పాడు. వాళ్ళు ఒకావిడను పంపారు. పేరు జానెట్. ఒక మోస్తరు లావుగా, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలతో, యూనిఫాం లేకుండా, మా వీధి చివర డాక్టరు క్లినిక్కులో రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడలాగే ఉంది. బోల్టులు లాగి చూసింది, టీ తాగింది, పిల్లల గురించి అడిగింది. తర్వాత మాటల మధ్యలో, దీని తాళం చెవి ఎక్కడుంటుందో మీకేమైనా తెలుసా అని నన్ను అడిగింది. ఇంటికి పెద్దదాన్ని, ఆ మాత్రం బాధ్యత తెలియనిదానిలా కనిపిస్తున్నానా అని నాకు రోషం వచ్చింది. చకచకా వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ పక్క అలమరలో ఉన్న దేవుడి గూడు తెరిచి, వేంకటేశ్వరస్వామి పటం వెనక చెయ్యి పెట్టి, కుంకుమ అంటిన తాళం చెవి తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాను.

రంగా తల పట్టుకున్నాడు. అక్కడ పెట్టింది వాడే, కానీ వాడు మాత్రం ఏం పాపం చేశాడు, మా ఇళ్ళల్లో బీరువా తాళానికి దేవుడి గూడును మించిన చోటు లేదు. దొంగవాడు సైతం అక్కడ చెయ్యి పెట్టేముందు కాస్త తటపటాయిస్తాడని మా నమ్మకం. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఈ తాళం ఎక్కడుందో లైసెన్సు ఉన్న మనిషికి తప్ప భూమ్మీద ఇంకెవరికీ తెలియకూడదని నెమ్మదిగా చెప్పింది. కన్నతల్లికి కూడానా అన్నాను. కన్నతల్లితోనే మొదలు అంది. అంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టె కొని తాళం అందులో పెట్టమని వాడికి చెప్పి, కొన్ని వారాల్లో మళ్ళీ వచ్చి చూస్తానని వెళ్ళిపోయింది. కుంకుమ అంటిన వేళ్ళను ఆవిడ కారెక్కేముందు టిష్యూతో తుడుచుకోవడం కిటికీలోంచి చూశాను. ఆ వేళ్ళు చూడగానే, ఏళ్ళ తరబడి తలుచుకోని మా ఇంటి గోడ ఒకటి నా కళ్ళ ముందుకు వచ్చింది.

మాది అనంతపురం వైపు మెట్ట ఊరు. వానొస్తే వేరుశనగ, రాకపోతే ఆకాశంకేసి చూడటం. వీధి గుమ్మం దాటగానే ఉండే పెద్ద గదిని మేము పడసాల అనేవాళ్ళం. వచ్చినవాళ్ళు కూర్చునేదీ, మేము కాయలు ఒలిచేదీ, మధ్యాహ్నం మగవాళ్ళు నడుం వాల్చేదీ అక్కడే. ఆ పడసాల గోడకు రెండు చిలక్కొయ్యలు, వాటి మీద అడ్డంగా జోడు గొట్టాల తుపాకీ. దాని కింద మా నాన్నగారి నాన్న, మా జేజినాయన, పడక కుర్చీ. ఆ తుపాకీ అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి అని సర్కారుకు చెప్పి తెచ్చుకున్నారు. నాకు తెలిసినంతలో దాన్ని చూసి పారిపోయిన పందుల కన్నా దాన్ని చూసి గొంతు తగ్గించిన చుట్టాలే ఎక్కువ. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళూ, తగవు తీర్చమని వచ్చినవాళ్ళూ ముందు గోడ వైపు చూసి తర్వాత ఆయన వైపు చూసేవాళ్ళు. ఆయన ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. పెంచాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

అప్పుడప్పుడూ పొద్దున పూట ఆయన దాన్ని దించి, పాత పంచె ముక్కతో తుడిచేవాడు. మా అమ్మ కుట్టు మిషను నూనెబుడ్డి ఆయన పక్కన ఉండేది. ఆ నూనె వాసన, ఒలిచిన వేరుశనగ పొట్టు వాసన, లోపల ఉడుకుతున్న సంగటి వాసన కలిస్తే నా బాల్యం. మేము పిల్లలం వరసగా కూర్చుని చూడాలి, ముట్టకూడదు. మా జేజి, అంటే నాన్నమ్మ, అయితే చూసేదీ కాదు. దాని పేరు కూడా ఎత్తేది కాదు, "అది" అనేది. పొడుగు కట్టె చీపురుతో గోడంతా బూజు దులిపి, తుపాకీ దగ్గరికి రాగానే చీపురు పక్కకు తిప్పేది. ఏడాదికి ఒక్కరోజు, ఆయుధపూజనాడు, కొడవళ్ళూ నాగలీ కుట్టు మిషనూ సైకిలూ అన్నిటితోపాటు దాన్నీ చాప మీద పెట్టి బొట్లు పెట్టేది. దాని చెక్క మీద చెక్కిన పువ్వుల సందుల్లో ఆ కుంకుమ మళ్ళీ దసరా దాకా ఎర్రగా కనిపిస్తూనే ఉండేది. తూటాలు మాత్రం లోపలి గదిలో రేకు పెట్టెలో. దాని తాళం చెవి ఎక్కడుండేదో ఇక చెప్పనక్కర్లేదు. ఆ అలవాటు నా సామానుతో సముద్రం దాటి వచ్చింది, నా నుంచి నా కొడుక్కి వచ్చింది.

ఎన్నికలొస్తే ఊళ్ళో తుపాకీలన్నీ పోలీస్ స్టేషనుకు చేరాలి. అప్పుడు చిలక్కొయ్యలు ఖాళీ. పొగకు మాసిన సున్నం గోడ మీద అది ఉన్న మేర మాత్రం తెల్లగా, తుపాకీ ఆకారంలోనే మచ్చ కనబడేది. ఓట్లు వచ్చాయని మాకు జెండాల కన్నా ముందు ఆ మచ్చ చెప్పేది. ఆ రోజుల్లో జేజినాయన కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని కూర్చునేవాడు.

మేము ఇంగ్లండు వచ్చిన కొత్తలో, మా ఆయన ఆస్పత్రిలో వైద్యం చేసిన ఒక ముసలి రైతు మమ్మల్ని క్రిస్మస్ భోజనానికి పిలిచాడు. వాళ్ళ వంటింటి తలుపు వెనక బురద బూట్ల పక్కన, గొడుగుల మధ్యలో ఒక తుపాకీ నిలబడి ఉంది. తూటాలు బిస్కెట్ల డబ్బా పక్కన. మావాళ్ళు గోడకెక్కించారు, వీళ్ళు గొడుగుల్లో నిలబెట్టారు, అంతే తేడా అని నేనూ మా ఆయనా తిరుగు దారిలో నవ్వుకున్నాం. తర్వాత్తర్వాత ఈ దేశంలో తుపాకీలతో చెప్పుకోలేని ఘోరాలు జరిగాయి. చట్టాలు బిగిశాయి. తుపాకీలు గోడల మీంచీ తలుపుల వెనకనుంచీ ఇనప బీరువాల్లోకి వెళ్ళాయి. అది తప్పని నేను చచ్చినా అనను. పిల్లలున్న ఇళ్ళల్లో అది ఎప్పుడో జరగాల్సింది. కానీ నాకు ఒక గుబులుంది, దాన్ని ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. గోడ మీద తుపాకీ లేకపోతే లేదని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. బీరువాలోది ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది?

మా నాన్న తమ్ముణ్ణి మేము చిన్నాయన అనేవాళ్ళం. ఊళ్ళో అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. ఆయన భార్య కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. ఆ తర్వాత ఆయన నవ్వు మానేశాడు, కొన్నాళ్ళకు తిండి మానేశాడు, చివరికి మాట మానేశాడు. మగవాళ్ళంతా, వాడే సర్దుకుంటాడులే అన్నారు. ఇంకో సంబంధం చూద్దామన్నారు. ఆయన పడసాలలో కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేవాడు, మేమంతా ఆ చూపు పక్కనుంచి దాటుకుంటూ తిరిగేవాళ్ళం. జేజి మాత్రం వంటింట్లోంచి ఏదో ఒక వంకతో వచ్చి ఆయన్ని చూసి పోయేది.

ఒక మధ్యాహ్నం చిన్నాయన తప్ప మగవాళ్ళంతా సంతకు పోయారు. నేను పడసాలలో కాయలు ఒలుస్తున్నాను. నేను తల ఎత్తలేదు కాబట్టి నాకేమీ తెలియదు. జేజి చింతపండు పిసుకుతున్న చేతులతో లోపల్నుంచి వచ్చింది. గోడ చూసింది. చిలక్కొయ్యలు ఖాళీగా ఉన్నాయి, వాటి మధ్య తెల్లటి మచ్చ. అవి ఎన్నికల రోజులు కావు.

"వాడు యాడికి పాయె?" అని నన్నడిగి, నా జవాబు కోసం ఆగకుండా చేతుల నుంచి చింతపండు రసం కారుతుండగానే వీధిలోకి పరుగెత్తింది. కాళ్ళకు చెప్పుల్లేవు. జేజి పరుగెత్తగా నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. పొలంలో బావి దగ్గర ఆయన కనబడ్డాడట. అక్కడ వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో, ఎవరికీ తెలియదు. పొద్దు వాలేవేళకు ఇద్దరూ తిరిగొచ్చారు. ముందు జేజి, భుజాన తుపాకీ, దాని కట్టెకు చింతపండు మరకలు. వెనక చిన్నాయన, దించిన తల. నడివీధిలోంచి వచ్చారు. పక్కదారి ఉంది, జేజి ఆ దారిన రాలేదు. అరుగుల మీద జనం లేచి నిలబడి చూశారు.

జేజినాయన సంత నుంచి వచ్చేసరికి తుపాకీ గోనెసంచిలో చుట్టి గుమ్మం దగ్గర ఉంది. జేజి ఆయన ఎదుట నిలబడి మాట్లాడిన సందర్భాలు నేను ఎక్కువ చూడలేదు.

"పొద్దున్నే దీన్ని స్టేషన్లో ఇచ్చిరా" అంది. "నువ్వు పోకుంటే నేనే పోయి ఆడ అరుగు మీద కూచుంటా."

ఇంటి మర్యాద గురించీ, ఊరు నవ్వడం గురించీ ఆయన చాలాసేపు చెప్పాడు. ఆమె వింది. సంచి మాత్రం గుమ్మం దగ్గర్నుంచి కదపలేదు. మర్నాడు మొదటి బస్సుకు ఆయన దాన్ని తీసుకుని పోయాడు. మళ్ళీ అది మా ఇంటికి రాలేదు. ఆ సాయంత్రం జేజి తన చేటను తెచ్చి ఆ రెండు చిలక్కొయ్యల మీద తగిలించింది. బియ్యం చెరిగే చేట, పడసాలలో, జేజినాయన తల మీద. ఊరు నిజంగానే నవ్వింది. ఆయన చాలాకాలం ఆ కుర్చీలో కూర్చోలేదు. వచ్చినవాళ్ళు గోడ చూసి, చేట చూసి, ఎక్కడ చూడాలో తెలియక పైకప్పు చూసేవాళ్ళు.

అందరికన్నా ఎక్కువ కోపం చిన్నాయనకే వచ్చింది. నడివీధిలో తనను పిచ్చివాణ్ణి చేసిందని. జేజి పెట్టింది తినేవాడు, జేజి ఉతికింది కట్టుకునేవాడు, జేజితో మాత్రం మాట్లాడేవాడు కాదు. ఒక పంట పోయి ఇంకో పంట వచ్చినా అంతే. నాకు ఆమెను చూస్తే జాలేసేది. చిన్నాయన మాట్లాడకపోతే నీకు బాధగా లేదా అని ఒకసారి అడిగాను, ఆమె ఏదో చెప్పింది, పిల్లదాన్ని కదా, విని మర్చిపోయాను. ఒకనాడు భోజనాల దగ్గర, ఇంకొంచెం మజ్జిగ పొయ్యమని ఆయన ఆమెనే అడిగాడు. ఆమె పోసింది. అంతకు మించి ఏ వేడుకా జరగలేదు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని, మనవలను ఎత్తుకుని, ఈమధ్యనే పెద్ద వయసులో నిద్రలో పోయాడు.

ఇవన్నీ నాకు కావాలని గుర్తు రాలేదు. జానెట్ వెళ్ళిన తర్వాత వారాల్లో రంగా మెట్ల కింద గదిలోకి దూరి తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నావురా అంటే, "క్లీన్ చేస్తున్నానమ్మా, లీవ్ ఇట్" అనేవాడు. తలుపు సందులోంచి ఆ నూనె వాసన వచ్చేది. కానీ నా దగ్గరికి వచ్చాక వాడు ఒక్కసారి కూడా ఆ ఆటకు వెళ్ళలేదు. వాడని దాన్ని ఎందుకు అన్నిసార్లు తుడవాలి? కంచంలో అన్నం అలాగే ఉండేది. పిల్ల ఫోన్ చేస్తే తీసేవాడు కాదు, తర్వాత చేస్తాననేవాడు. వీధి చివరి డాక్టరు, జీపీ దగ్గరికి వెళ్దాం రా, నిద్ర పట్టడం లేదని చెప్పు అని బతిమాలాను. జీపీ అది రికార్డులో పెడితే లైసెన్సు పోతుందట, అందుకని వెళ్ళడట. అంటే ఆ బీరువాలో ఉన్నది వాణ్ణి డాక్టరు దగ్గరికి కూడా పోనివ్వడం లేదు.

నేను వంటింట్లోంచి ఏదో ఒక వంకతో ఆ గది ముందు నుంచి తిరిగేదాన్ని. బీరువా తలుపు మూసే ఉండేది. తాళం వేసే ఉండేది. వాడు కారేసుకుని బయటికి వెళ్తే, అది లోపల ఉందో వాడితో వెళ్ళిందో నాకు తెలిసే దారి లేదు. ఆ బూడిదరంగు ఇనుము మీద ఏ మచ్చా పడదు. వాడు తిరిగొచ్చి తలుపు తీసే చప్పుడు వినేదాకా నేను కిటికీ దగ్గరే నిలబడేదాన్ని. జేజికి గోడ ఉంది, నాకేముంది అని ఏడ్చుకున్నాను. చట్టం నాకేదీ కనిపించకూడదంది, సరే, కనిపించనప్పుడు తల్లి ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

జానెట్ మళ్ళీ వచ్చింది. అంకెల పెట్టె చూసింది, బాగుందంది. ముందు గదిలో కూర్చుని టీ తాగింది, రంగా ఆవిడతో నవ్వుతూ మాట్లాడాడు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది, ఇంట్లో ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. ఆవిడ లేవబోతూ, ఇంట్లో అంతా బాగానే ఉంది కదా, ఎవరికైనా ఏదైనా బెంగ ఉంటే చెప్పండి అంది. అది ఆవిడ ప్రతి ఇంట్లోనూ అడిగే మాట. రంగా నా వైపు చూశాడు. వద్దమ్మా అనే చూపు అది, చిన్నప్పుడు నాన్నకు చెప్పొద్దని బతిమాలినప్పటి చూపు. ఆవిణ్ణి గుమ్మం దాకా సాగనంపి చాటుగా చెప్పి ఉండవచ్చు. వాడి వెనక చెప్పడం నా వల్ల కాలేదు.

"నాకు భయంగా ఉంది" అన్నాను ఇంగ్లీషులో, వాడి ఎదుటే. "వీడు తినడం లేదు. నిద్రపోవడం లేదు. ఆ తలుపు వేసుకుని లోపల కూర్చుంటున్నాడు. ఆ వస్తువు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. దయచేసి తీసుకెళ్ళండి."

జానెట్ మళ్ళీ కూర్చుంది. కళ్ళద్దాలు పైకి తోసుకుని, నన్ను కాదు, వాణ్ణి అడిగింది, అమ్మ చెప్పింది నిజమేనా అని. వాడు కాదన్నాడు. తర్వాత మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. కొంతకాలం మీరే స్వయంగా అప్పగించడం మంచిది అని ఆవిడ చాలా మెల్లగా, దాదాపు తల్లిలా చెప్పింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరు వచ్చి గుడ్డ తొడుగులో పెట్టి దాన్ని తీసుకెళ్ళారు. ఎదురింటి ఆంటీ, గుజరాతీ ఆవిడ, చెత్తబుట్ట బయట పెట్టే నెపంతో గేటు దగ్గర నిలబడి మొత్తం చూసింది. చూడనీ అనుకున్నాను. మా వీధిలో వెనక దారి లేదు, ఉన్నా నేను ఆ దారిన పంపేదాన్ని కాదు.

ఆ రోజు నుంచి రంగా నాతో మాట్లాడటం లేదు. తుపాకీ వెళ్ళిన తెల్లారి, ఒకే ఒక్క మాట, "యూ హ్యాడ్ నో రైట్, అమ్మా" అన్నాడు. వాదించలేదు నేను. బీరువా ఖాళీగా, తలుపు తెరిచి, ఇంకా ఆ మూలే ఉంది. హూవరు పెట్టాను అందులో. అది సరిగ్గా పట్టింది కూడా. ప్రతిసారీ దాన్ని బయటికి తీస్తుంటే, నేనూ చిలక్కొయ్యలకు చేట తగిలించినదాన్నే కదా అనిపిస్తుంది. అనిపించి, సంతోషమేమీ కలగదు. నేను చేసింది సరే అని జేజికి తెలిసినంత గట్టిగా నాకు తెలియదు. వాడు అసలు ఏమీ అనుకోలేదేమో, ఉత్తినే తుడుచుకునేవాడేమో, ఉన్న ఒక్క సరదానూ నేనే ఊడబీకానేమో అని రోజుకొకసారైనా అనుకుంటాను. అది తెలుసుకునే మార్గం లేదు, తెలుసుకోవాల్సిన అవసరం రాకూడదనే కదా ఇదంతా.

నిన్న సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వాడు వంటింటి గుమ్మంలోకి వచ్చి, నా వైపు చూడకుండా, ఫ్రిజ్‌తో చెబుతున్నట్టు, మంగళవారం జీపీ అపాయింట్‌మెంట్ ఉంది అన్నాడు. నేను వస్తానన్నాను. "నో" అని వెనక్కి తిరిగి, దబదబా మెట్లెక్కి, గది తలుపు ఇల్లదిరేలా వేశాడు. దేవుడి గూట్లో పటాలు కూడా కదిలాయి. ఇంకో తల్లయితే ఆ చప్పుడుకు బాధపడేదేమో. నాకు మాత్రం, ఇన్నేళ్ళుగా మర్చిపోయిన జవాబు, చిన్నాయన గురించి జేజి చాటుగా కళ్ళు తుడుచుకుంటూ చెప్పినది, అక్షరం పొల్లుపోకుండా అప్పుడు గుర్తొచ్చింది.

"మాట్లాడకుంటే పాయెలేమ్మా. నా మీద అలిగేకైనా వాడు బతికుండల్ల గదా."